ఎవరి నుంచి ఎవరికి

కుష్టు క్రిమి జన్యుక్రమం మొత్తంగా మొదటిసారి అచ్చయింది 2001 ఫిబ్రవరిలో, 'నేచర్' పత్రికలో. పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన స్టువర్ట్ కోల్ బృందమూ, కేంబ్రిడ్జి దగ్గరున్న శాంగర్ సెంటర్ వాళ్లూ కలిసి దాన్ని చదివారు. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలే అటూ ఇటూ మారుతూ 32,68,203 అక్షరాల పొడుగున సాగే రాత అది. ఆ క్రిమి ఎక్కడిదంటే 'టీఎన్' అని రెండు పొడి అక్షరాలు వేశారు. తమిళనాడు అన్నమాట. తమిళనాట ఎవరో ఒక రోగి ఒంట్లోంచి తీసిన క్రిమి సముద్రాలు దాటి, ఇంకో జంతువు ఒంట్లో పెరిగి, చివరికి యూరప్‌లో యంత్రాల ముందుకు చేరింది.

ఆ రోగి ఆడో మగో, ఏ ఊరో, తర్వాత నయమైందో లేదో ఆ వ్యాసంలో ఉండదు. ఉండకూడదు కూడా. రోగి పేరు దాచడం వైద్యమర్యాద. అయినా ఆ వ్యాసం తిరగేసినప్పుడల్లా నా చూపు అంకెల మీద కన్నా ఆ రెండక్షరాల మీదే ఆగుతుంది. ఎందుకంటే ఇవాళ్టికీ బ్రెజిల్‌లోగానీ ఇండోనేషియాలోగానీ కొత్తగా ఒకరి ఒంట్లో ఈ క్రిమి దొరికితే, దాని రాతను పక్కన పెట్టి పోల్చి చూసేది ఈ దక్షిణాది మనిషి క్రిమితోనే.

నేను శాస్త్రవేత్తను కాను, బొబ్బిలి మనిషిని. బొబ్బిలి అనగానే లోకం 1757 నాటి యుద్ధాన్ని తలుచుకుంటుంది, తాండ్ర పాపారాయుడి పేరెత్తుతుంది. కాస్త సంగీతం తెలిసినవాళ్లయితే గొల్లపల్లి వీణల గురించి అడుగుతారు. రెండూ మాకు గొప్పే, కాదనను. కానీ మా చుట్టుపక్కల ఇంకో చరిత్ర ఉంది, దాన్ని ఊరి ముఖద్వారం మీద ఎవరూ రాసుకోరు. రామభద్రపురం మీదుగా వెళ్లి సాలూరులో దిగితే మిషనరీలు కుష్టురోగుల కోసం పెట్టిన ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంటుంది. ఇటు బలిజిపేట వైపు చిలకలపల్లిలో గాంధీ స్మారక కుష్టు సంస్థ వారి కేంద్రం. ఇంకాస్త తూర్పుకి, అప్పటి శ్రీకాకుళం జిల్లా పోగిరిలో డెన్మార్క్ వాళ్ల సాయంతో నడిచిన కుష్టు నివారణ పథకం. ఇంత చిన్న మేరలో మూడు చోట్ల ఒకే జబ్బు కోసం ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే, ఇక్కడ ఆ జబ్బు ఎంతగా ఉండేదో వేరే లెక్కలు చెప్పనక్కర్లేదు.

గాంధీ స్మారక సంస్థ 1951లో వార్ధాలో పుట్టింది. దాన్ని నడిపిన డాక్టరు వార్డేకర్ పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది: రోగిని తెచ్చి నాలుగ్గోడల మధ్య పెట్టడం కాదు, మనమే ఇంటింటికీ వెళ్లి చూడాలి, చెప్పాలి, మందివ్వాలి. అప్పటికి చేతిలో ఉన్న మందు డాప్సోన్ బిళ్ల ఒక్కటే. ఆ బిళ్లలు సంచిలో వేసుకుని సైకిలు మీద ఊళ్లు తిరిగే వర్కర్లు ఈ చరిత్రలో అసలు మనుషులని నా నమ్మకం. వాళ్ల పేర్లూ ఏ పత్రికలోనూ లేవు.

మా చిన్నప్పుడు అలాంటివాళ్లు బడికి వచ్చేవారు. చొక్కాలు విప్పించి మమ్మల్ని వరండాలో వరసగా నిలబెట్టి, వెలుతురు పడేలా వీపులు తిప్పించేవారు. ఎవడి వీపు మీదో రంగు తగ్గిన మచ్చ కనిపిస్తే వాణ్ణి పక్కకి పిలిచి, కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో అక్కడక్కడా తాకి, తాకినచోట వేలు పెట్టమనేవారు. చాలామందికి అది సిబ్బెమో, తామరో అయ్యేది. వేలు సరిగ్గా పెట్టగానే వర్కరు వీపు తట్టి పంపేసేవాడు. పెట్టలేకపోతే మాత్రం కార్డు మీద ఏదో రాసుకుని, సాయంత్రం వాళ్లింటికి వెళ్లేవాడు. ఆ సాయంత్రానికల్లా వీధిలో ఒక ప్రశ్న బయల్దేరేది. ఏ మందిస్తారు, ఎన్నాళ్లకి తగ్గుతుంది అని కాదు. ఎవులి నుంచొచ్చింది?

ఆ ప్రశ్నకి వీధి తనే జవాబు చెప్పుకునేది. మేనత్త నుంచనో, అరవదేశం వెళ్లొచ్చిన తాత నుంచనో, ఎప్పుడో ఇంట్లో పనిచేసిన మనిషి నుంచనో. జవాబు దొరికితే సరిపోయేది, నిజమవక్కర్లేదు. జవాబు దొరికిన మర్నాటి నుంచి ఒక మనిషికి వేరే కంచం, వేరే చాప, పెరట్లో పాక. కొత్తకోడలైతే పుట్టింటికి ప్రయాణం.

దేశాలవతల ప్రయోగశాలల్లో కూర్చున్నవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఇదే ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారని తెలిసినప్పుడు నాకు మొదట కలిగింది సంతోషం కాదు, ఒకరకమైన బెదురు.

ఈ క్రిమిని మొదట చూసినవాడు నార్వేలో బెర్గెన్ ఊరి వైద్యుడు హాన్సెన్, 1873లో. అప్పటినుంచి ఇప్పటిదాకా దాన్ని గాజుపళ్లెంలో పెంచగలిగినవాడు లేడు. ఎన్ని పోషకాలు పెట్టినా పెరగదు. 1960లో షెపర్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చిట్టెలుకల పాదాల్లో కొంచెం పెంచగలిగాడు. 1971లో ఆర్మడిల్లో అనే, ఒంటి మీద పెంకు ఉన్న అమెరికా జంతువు దీనికి నచ్చిందని తేలింది. ఎలుక పాదమైనా ఆర్మడిల్లో అయినా కారణం ఒకటే, రెండూ చల్లగా ఉంటాయి. మనిషిలోనూ ఇది చెవి తమ్మెలు, ముక్కు, చర్మం, మోచేతి దగ్గరి నరాలు వంటి చల్లటి చోట్లనే వెతుక్కుంటుంది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై ఇరవై నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుంది. దీనికి అందుకు దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒకరి నుంచి ఒకరికి చేరాక మచ్చ బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు. బళ్లో పెన్నుమొన తగిలినా తెలియని పిల్లాడికి అది ఎవరి నుంచి వచ్చిందో అడగడం ఎంత అర్థంలేని పనో ఈ లెక్కే చెబుతుంది. వాడు పుట్టకముందు పోయిన మనిషిని వదిలేస్తే, వాడు పుట్టాక కలిసిన ప్రతి మనిషీ అనుమానితుడే.

ఇలాంటి క్రిమిని అర్థం చేసుకోవడానికి మిగిలిన దారి దాని రాతను చదవడమే. చదివి చూస్తే అది సగం శిథిలమై ఉంది.

1998లో కోల్ బృందమే క్షయ క్రిమిని చదివింది. అందులో 44 లక్షల పైచిలుకు అక్షరాలు, నాలుగు వేల దాకా జన్యువులు. కుష్టు క్రిమి దానికి దాయాది. దీనిలో పనిచేసే జన్యువులు సుమారు 1,600 మాత్రమే. సుమారు 1,100 జన్యువులు చచ్చుబడి ఉన్నాయి. రాత ఉంది, అర్థం లేదు. ఒక జన్యువు చచ్చుబడిందని చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇది నన్ను చాలాకాలం వేధించిన సంగతి. బ్రౌన్ దొర వేమన పద్యాల తాటాకు ప్రతులు ఊరూరి నుంచీ తెప్పించి, పండితుల చేత ఒకదాని పక్కన ఒకటి పెట్టించి పోల్చించాడు కదా. ఒక ప్రతిలో పద్యం మధ్యలో తెగితే, తెగిందని తెలిసేది ఇంకో ప్రతిలో అది నిండుగా ఉన్నప్పుడే. ఇక్కడా అంతే. క్షయ క్రిమిలో ఒక జన్యువు మొదట్నుంచి చివరిదాకా సాఫీగా ఉంటుంది. కుష్టు క్రిమిలో అదే జన్యువు ఉంటుంది కానీ నడుమ ఒక అక్షరం జారిపోయో, 'ఇక్కడితో ఆపు' అనే గుర్తు అకాలంగా పడిపోయో ఉంటుంది. రెండు రాతల్నీ పక్కపక్కన పరిచి, ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో లక్షల అక్షరాల మేర వెతికి పెట్టడానికి కంప్యూటర్ కావాలి. 1990లో వచ్చిన బ్లాస్ట్ వంటి ప్రోగ్రాములు ఆ పని చేసిపెట్టాయి. బయోఇన్ఫర్మాటిక్స్ అని పెద్ద పేరు పెట్టుకున్న శాస్త్రానికి గుండెకాయ ఈ పోల్చి చూడటమే. ఆ పండితులకీ వీళ్లకీ ఓపిక ఒక్కటే, జీతాలే వేరు.

పోగొట్టుకున్నవాటి జాబితా చదివితే దాని జీవితం కనిపిస్తుంది. ఇనుమును ఒడిసిపట్టే పదార్థాన్ని క్షయ క్రిమి తనే తయారుచేసుకుంటుంది. దీనికి ఆ విద్య పోయింది. ఊపిరికి సంబంధించిన కొన్ని జన్యువులు మొత్తంగానే పోయాయి. మన నరాల చుట్టూ ఉండే కణాల లోపల, అన్నీ అమరిన చోట వేల ఏళ్లుగా ఉండి ఉండి, వాడని విద్యలన్నీ మరిచిపోయింది. గాజుపళ్లెంలో ఎందుకు బతకదో ఇప్పుడు తెలుస్తోంది. మనిషి లేకుండా బతకడం దానికి చేతకాదు. ఆ నరాల్లోనే కాపురం పెడుతుంది కాబట్టి మచ్చ మీద స్పర్శ పోతుంది, వీపు మీద పెన్నుమొన తెలియదు. వరండాలో వర్కరు చేసిన పరీక్షా, పారిస్‌లో తయారైన ఈ జాబితా ఒకే సంగతి చెబుతున్నాయి.

2001లోనే 'జీనోమ్ బయాలజీ' అనే పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. క్షయ, కుష్టు క్రిములుండే మైకోబాక్టీరియా జాతి క్రిమి బతకడానికి కనీసం ఏయే జన్యువులు కావాలో, ఇంత పోగొట్టుకుని కూడా బతుకుతున్న కుష్టు క్రిమిని చూసి తేల్చవచ్చని ఆ వ్యాసం సారాంశం. మిగిలినవాటిలో కణం చుట్టూ గోడ కట్టే జన్యువులు చాలా ఉన్నాయి. గోడ లేకపోతే మైకోబాక్టీరియమే కాదు. రాసినవాళ్లు ఇద్దరు: వరలక్ష్మి విస్సా, పాట్రిక్ బ్రెన్నన్. ఆ మొదటి పేరు దగ్గర నేను ఆగిపోయాను. కుష్టు క్రిమి రాతను చదివే పనిలో ఒక తెలుగు పేరు, అదీ కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్లో.

అక్కడి స్టేట్ యూనివర్సిటీకీ ఈ జబ్బుకీ సంబంధం పాతది. బ్రెన్నన్ 1980ల మొదట్లో ఈ క్రిమి పైపొరలో ఉండే ప్రత్యేకమైన కొవ్వు పదార్థాన్ని గుర్తించాడు. దాన్ని పీజీఎల్-1 అంటారు. తర్వాత వచ్చిన రక్తపరీక్షలు చాలావాటికి అదే ఆధారం. ఆర్మడిల్లోల్లో పెరిగిన క్రిమిని శుద్ధిచేసి, దాని ముక్కలను ప్రపంచంలో అడిగిన పరిశోధకులకి పంపే పని కూడా ఆ యూనివర్సిటీ చేసేది, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఒప్పందం మీద. ఎవరికి వారు పెంచుకోలేని క్రిమి కాబట్టి, ఆ ఒక్క చోటు నుంచి వచ్చే పొట్లాల మీదే చాలామంది పరిశోధనలు ఆధారపడ్డాయి.

ఒక శాస్త్రవేత్త వృత్తి జీవితాన్ని బయటివాడు చూడగలిగేది వ్యాసాల శీర్షికల్లోనే. విస్సా వ్యాసాలను తేదీల వరసలో చూస్తే ఒక ప్రయాణం కనిపిస్తుంది. 2001లో క్రిమి మొత్తం జన్యువుల గురించి. 2007లో చైనా యున్నాన్ రాష్ట్రంలో చ్యూబెయ్ అనే కొండప్రాంతపు జిల్లాలో రోగుల గురించి. 2009లో ఫిలిప్పీన్స్ సెబూ దీవి రోగుల గురించి, అందులో సకమూరి అని ఇంకో తెలుగింటి పేరు. అదే సంవత్సరం 'లెప్రసీ రివ్యూ'లో దక్షిణ భారతదేశపు రోగుల గురించి. ఒక క్రిమి లోపలి నుంచి మొదలుపెట్టి, క్రమంగా ఊళ్లలోకి, కుటుంబాల్లోకి వచ్చారు. ప్రయోగశాలలో పుట్టిన ప్రశ్న చివరికి వీధిలోకే దారితీసింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడం తేలిక కాదు. తమిళనాడు క్రిమినీ బ్రెజిల్ క్రిమినీ పోల్చిన వ్యాసం 2009లో వచ్చింది. రెండూ 99.995 శాతం ఒకటే. అంటే లక్ష అక్షరాలకి ఐదు మించి తేడా లేదు. భూగోళానికి అటూ ఇటూ ఉన్న రెంటి మధ్యే ఇంత పోలిక ఉంటే, ఒకే తాలూకాలో ఇద్దరు రోగుల క్రిములను వేరుచేయడం ఎలా? 2005లో కోల్ బృందం తేడా వచ్చే మూడు అక్షరాలు పట్టుకుని ప్రపంచంలోని కుష్టు క్రిములను నాలుగు రకాలుగా విడదీసింది. మనుషుల వలసల దారులు, బానిసల ఓడల దారులు కూడా వాటిలో కనిపించాయి. పశ్చిమాఫ్రికాలో ఉన్న రకమే కరీబియన్ దీవుల్లోనూ ఉంది. చదువుతుంటే ఒళ్లు జలదరించే సంగతి, కానీ ఒక వీధికి ఆ కొలత పనికిరాదు.

అందుకని విస్సా వంటివాళ్లు ఇంకో చోట వెతికారు. జన్యుక్రమంలో కొన్నిచోట్ల ఒకే చిన్న ముక్క వరసగా తిరిగి తిరిగి వస్తుంది: టీటీసీ, టీటీసీ, టీటీసీ అని. క్రిమి తనను తాను నకలు తీసుకునేటప్పుడు ఇలాంటి చోట లెక్క తప్పుతుంది, ఒకటి ఎక్కువో తక్కువో పడుతుంది. ఒకరి క్రిమిలో అది పదిసార్లు రావచ్చు, ఇంకొకరిలో పదిహేను సార్లు. ఇలాంటి చోట్లు చాలా ఎంచుకుని, ఒక్కో చోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ప్రతి రోగి క్రిమికీ ఒక అంకెల వరస వస్తుంది. రెండు వరసలు కలిస్తే రెండు క్రిములూ దగ్గరివి. రోగి చెవి తమ్మె మీద చిన్న గాటు పెట్టి తీసిన రసమో, మచ్చ నుంచి తీసిన చర్మపు ముక్కో చాలు, క్రిమి బతికుండనక్కర్లేదు. చ్యూబెయ్‌లో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి జబ్బు వచ్చిన కుటుంబాలను చూస్తే అంకెల వరసలు కలిశాయి. మా వీధివాళ్లు ఈ మాట వింటే, మేం అప్పుడే చెప్పలేదా అంటారు.

కానీ కథ అక్కడితో ఆగలేదు, నాకు ఊరట ఇచ్చింది ఆ తర్వాతి భాగమే. మరీ త్వరగా మారిపోయే చోట్లను లెక్కపెడితే, ఒకే మనిషి ఒంట్లో రెండు చోట్ల తీసిన నమూనాలే ఒకదానితో ఒకటి కలవకపోవడం కనిపించింది. చెవిదో లెక్క, వీపుదో లెక్క. అలాంటప్పుడు అంకెలు కలవలేదని ఇద్దరు మనుషుల మధ్య సంబంధం లేదనలేం. మరీ నెమ్మదిగా మారే చోట్లను తీసుకుంటే ఊరు ఊరంతా ఒకే అంకె చూపిస్తుంది. అప్పుడు కలిసిందని వేలెత్తి చూపలేం. ఏ చోట్లు ఎంచుకోవాలి, ఎన్ని ఎంచుకోవాలి అన్న వాదంలోనే ఆ రంగంలో ఏళ్లు గడిచాయి. ఇదంతా వ్యర్థమని నేననను. ఒక ఊళ్లో ఎన్ని రకాల క్రిములు తిరుగుతున్నాయి, జబ్బు ఇళ్లలోనే మసులుతోందా, సంతల్లో బడుల్లో కూడా చేతులు మారుతోందా అనే పెద్ద ప్రశ్నలకి ఈ అంకెలు పనికొస్తాయి. ఫలానా మనిషి నుంచి ఫలానా మనిషికి అని మాత్రం రూఢిగా చెప్పవు.

ఇంకో రెండు సంగతులు ఈ వేలెత్తి చూపడాన్ని మరింత చిక్కుల్లో పెట్టాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో విదేశం మొహం చూడనివాళ్లకి ఈ జబ్బు ఎలా వస్తోందని వెతికితే, అడవిలో తిరిగే ఆర్మడిల్లోల్లో ఉన్న రకమే వాళ్లలోనూ ఉందని 2011లో తేలింది. బ్రిటన్‌లో కుష్టు మాయమై వందల ఏళ్లయింది. 2016లో అక్కడి ఎర్ర ఉడతల్లో ఈ క్రిమి కనిపించింది. ఒక దీవిలోని ఉడతల్లో ఉన్నది, మధ్యయుగంలో వించెస్టర్ ఊళ్లో పాతిపెట్టిన రోగి ఎముకల్లో దొరికిన రకానికి దగ్గరిది. ఇన్ని వందల ఏళ్లు ఆ ఉడతలు దాన్ని ఎక్కడ దాచుకున్నాయో! మా ఊళ్లో పెరటిపాకలోకి తోసిన ఒక పెద్దావిణ్ణి తలుచుకుంటే ఈ ఉడతల సంగతి ఆవిడకి చెప్పాలనిపిస్తుంది. ఆవిడ లేదు.

ఊరు అడిగేదీ శాస్త్రం అడిగేదీ ఒకే మాట అయినా, జవాబు దొరికాక రెండూ చేసే పని వేరని కొందరంటారు. శాస్త్రం దారి మూయడానికి అడుగుతుంది, ఊరు మనిషిని మూయడానికి అడుగుతుంది అని. నేను పూర్తిగా ఒప్పుకోను. మనిషిని మూసే పని చట్టాలు కూడా చేశాయి, అప్పటి వైద్యశాస్త్రం మాట మీదే చేశాయి. కుష్టురోగులను పట్టుకెళ్లి నిర్బంధంలో ఉంచవచ్చని 1898లో తెచ్చిన చట్టం 2016 దాకా మన పుస్తకాల్లో ఉంది. భార్యకో భర్తకో కుష్టు ఉందన్నది విడాకులకి చాలిన కారణంగా 2019 దాకా ఉంది. జబ్బును నిశ్చయంగా నయంచేసే మూడు మందుల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లోనే సిఫారసు చేసింది. అంటే కోడలికి నయమవుతుందని వైద్యానికి తెలిశాక కూడా ముప్ఫై ఐదేళ్లకు పైగా ఆమెను పుట్టింటికి పంపే హక్కు చట్టంలో ఉందన్నమాట.

ఈ రాత చదవడంలో ఎవరి పేరూ అడగని పని ఒకటుంది. నన్నడిగితే ఇప్పటికి అన్నిటికన్నా పనికొచ్చింది అదే. డాప్సోన్ ఒక్కటే వాడుతూ పోతే క్రిమి దానికి లొంగడం మానేస్తుందని 1964లో మలయాలో రుజువైంది. అప్పట్లో అది తేల్చాలంటే రోగి క్రిమిని ఎలుక పాదాల్లో ఎక్కించి నెలల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు మూడు జన్యువుల్లో కొన్ని అక్షరాలు చదివితే చాలు. డాప్సోన్‌కి ఒక చోటు, ఆ మూడు మందుల్లో ఇంకోటైన రిఫాంపిసిన్‌కి ఒక చోటు, మూడోది వేరే తరగతి మందులకి. ఫలానా అక్షరం మారిందంటే ఫలానా మందు పనిచేయదు. రోగికి మందు మార్చడానికి ఎవరి నుంచి వచ్చిందో తెలియనక్కర్లేదు.

2005 డిసెంబరు నాటికి పదివేలకి ఒకటి కన్నా తక్కువ కేసులున్నాయని, ప్రజారోగ్య సమస్యగా కుష్టు పోయిందని దేశం ప్రకటించుకుంది. ఇంటింటి సర్వేలు తగ్గాయి, వర్కర్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే. ఈమధ్య మళ్లీ ఇళ్లకి వెళ్లడం మొదలైంది. ఈసారి పద్ధతి కొత్తది. రోగికి దగ్గరగా మసిలేవాళ్లకి ముందుజాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇస్తారు. బంగ్లాదేశ్‌లో చేసిన పరీక్షలో ఆ ఒక్క మోతాదు రెండేళ్ల పాటు కొత్త కేసులను 57 శాతం తగ్గించిందని 2008లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది.

మంచి పద్ధతే. కానీ పక్కింటివాళ్లకి మందివ్వాలంటే, ఈ ఇంట్లో ఎవరికో వచ్చిందని వాళ్లకి తెలియకుండా ఎలా ఇవ్వాలి? ప్రయోగశాలలో విస్సా వంటివాళ్లు రోగులను నంబర్లుగా మార్చి ఈ చిక్కు దాటారు. వీధిలో నంబర్లు చెల్లవు. అందుకే కొన్నిచోట్ల దగ్గరివాళ్లు, దూరంవాళ్లు అని చూడకుండా వీధి మొత్తానికీ ఇచ్చేస్తారు.

మా పిన్ని కూతురు ఆశా కార్యకర్త. అలాంటి ఒక వీధికి తను బిళ్లలు పట్టుకెళ్లినప్పుడు ఏం చేసిందో చెప్పింది. రోగి ఉన్న ఇంటితో మొదలుపెట్టకూడదు, దానితో ముగించనూ కూడదు. ఆ మనిషి అప్పటికే అసలు మందు వాడుతున్నాడు కాబట్టి అతనికి ఈ బిళ్ల అక్కర్లేదు. కానీ ఆ గుమ్మం ముందు ఆగకుండా పోతే వీధికి తెలిసిపోతుంది. అందుకని ఆ ఇంటికీ వెళ్లాలి, మిగతా ఇళ్లల్లో ఎంతసేపు కూర్చుందో అక్కడా అంతసేపే కూర్చోవాలి. టీ ఇస్తే తాగాలి. అక్కడ తాగితే మిగతావాళ్లింట్లో కూడా తాగాలి. ఆ రోజు తనకి రాత్రంతా నిద్రపట్టలేదట, టీల వల్ల.

"మరి అడగరా?" అన్నాను.

"అడక్కేటి, అన్నా! పెతీ ఇంట్లోనూ అదే. 'ఎవులికొచ్చిందే, సెప్పు, మేం ఎవులితోనూ అనం' అంటారు. మీకు రాకూడదని ఇత్తన్నాం, మింగండీ అంటాను. మింగేస్తారు. మింగేసి, గళాసు కిందెట్టి, మళ్లీ అడుగుతారు."